చిట్టీకి, మెంబ్రేన్ ఎంచే ముందు

చిట్టీ,

నీళ్ల ప్లాంటుకి మెంబ్రేన్, అంటే నీళ్లని వడకట్టే పొర, ఎంచే పని నీ చేతిలో పెట్టారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు.

ముందు నీళ్లు పరీక్ష చేయించు. బురద, బ్యాక్టీరియా వరకే అయితే అల్ట్రాఫిల్ట్రేషన్, అంటే సన్న రంధ్రాల మెంబ్రేన్‌తో వడకట్టడం, చాలు. అందులో పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ మెంబ్రేన్ క్లోరిన్‌ని బాగా తట్టుకుంటుంది. గాఢమైన కాస్టిక్ సోడాతో కడిగితే మాత్రం గోధుమరంగుకి తిరిగి పెళుసుబారుతుంది. పాలీఈథర్ సల్ఫోన్ అనే ఇంకో ప్లాస్టిక్‌కి కాస్టిక్ బెడద లేదు.

కరిగిన ఉప్పు పోవాలంటే ఆర్వోనే, అంటే నీళ్లని ఒత్తిడితో ఇంకా సన్నని మెంబ్రేన్ గుండా నెట్టడం. అక్కడే నా భయమంతా.

నా మొదటి ప్లాంట్‌లో సెల్యులోజ్ అసిటేట్‌తో చేసిన ఆర్వో మెంబ్రేన్ ఉండేది. దానికి నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా క్లోరిన్ ఉన్నా పర్వాలేదు, అసలు ఉండాలి కూడా, లేకపోతే బ్యాక్టీరియా దాన్ని తినేస్తుంది. తర్వాత పాలీఅమైడ్ మెంబ్రేన్ పెట్టాం. తక్కువ ఒత్తిడితోనే ఎక్కువ ఉప్పు ఆపుతుంది, పీహెచ్ 2 నుంచి 11 దాకా ఓర్చుకుంటుంది. కానీ క్లోరిన్ పడదు. ముందే క్లోరిన్‌ని ఆపే కార్బన్ ఫిల్టర్ ఉందిగా అనుకున్నాను. అందులో కార్బన్ పని అయిపోయి ఎన్నాళ్లయిందో చూడలేదు.

కొన్నాళ్లకి మెంబ్రేన్ దాటి వచ్చే నీళ్ల ఫ్లో పెరిగింది. ఎంత సంబరపడ్డానో! కొత్త మెంబ్రేన్ చూశారా అని అందరికీ చెప్పుకున్నాను. లాగ్‌బుక్‌లో ఫ్లో పక్కనే టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) గడి: 18, 24, 41, 90. అన్నీ నా చేత్తో రాసినవే. ఒక్కసారి కూడా పైనుంచి కిందికి చదవలేదు. తాగేవాళ్లు నీళ్లు ఉప్పగా ఉన్నాయన్నాకే కళ్లు తెరిచాను. ఉప్పు ఆపే ఆ పొర మందం మైక్రాన్‌లో ఐదో వంతు కూడా ఉండదమ్మా. క్లోరిన్ దాన్ని చీల్చాక ఎంత కడిగినా తిరిగి రాదు. సెట్టంతా తీసి పారేశాం.

నీకు అంకెలన్నీ మనసులో గుర్తుంటాయని గట్టి నమ్మకం. వద్దు తల్లీ, రాయి, రాసింది రోజూ చదువు. ఫ్లో పెరిగితే ముందు టీడీఎస్ చూడు.

మెంబ్రేన్‌ని ఎండనివ్వకు. కార్బన్ దాటిన నీళ్లని గాజు సీసాలో పట్టి, క్లోరిన్ ఉంటే గులాబీ రంగు తెచ్చే డీపీడీ మందు వెయ్యి. గులాబీ రంగు లేశమైనా తేలితే పంపు ఆపెయ్యి, ఎవరు కోప్పడినా సరే. ఆ కిట్ నేనే పంపిస్తున్నాను. సీసా వెనక తెల్ల కాగితం పెట్టి చూడు, లేత గులాబీ అప్పుడే కనబడుతుంది.

పెద్దమ్మ