ప్లస్ అటు వెళ్తే మైనస్ ఎందుకవుతుంది?

"3ఎక్స్ + 20 = 200 లెక్కలో 20 అటు వెళ్లగానే మైనస్ ఎందుకవుతుందో మా పాపకి అర్థం కావడం లేదు" అని అడిగారు. అసలు 20 ఎక్కడికీ వెళ్లదండీ.

చిత్తూరులో 3 కిలోల బేనీషా మామిడిపళ్లు కొన్నారు, ఆటోకి 20 రూపాయలిచ్చారు, మొత్తం ఖర్చు 200 అనుకుందాం. కిలో ధర తెలియదు కాబట్టి దాన్ని ఎక్స్ అన్నాం. 3ఎక్స్ అంటే 3 × ఎక్స్. ఎక్స్ విలువ 5 అయితే అది 15 అవుతుంది, 35 కాదు. పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

ఈక్వల్ గుర్తును 1557లో పుస్తకంలో మొదట వాడిన రాబర్ట్ రికార్డ్, రెండు సమాంతర గీతలకన్నా సమానమైనవి ఇంకేవీ ఉండవన్నాడు. ‘జవాబు ఇక్కడ రాయి’ అని కాదు దాని అర్థం, రెండు వైపులా విలువ ఒకటేనని. అందుకే ఒక వైపు ఏం చేసినా రెండో వైపూ చేయాలి. రెండు వైపులా 20 తీసేద్దాం:

3ఎక్స్ + 20 − 20 = 200 − 20

ఎడమవైపు + 20, − 20 కలిసి సున్నా అయ్యాయి. కుడివైపు − 20 అలాగే ఉంది. మనకు అటు వెళ్లి మైనస్ అయినట్టు కనిపించేది ఇదే. ఇక 3ఎక్స్ = 180, రెండు వైపులా 3తో భాగిస్తే ఎక్స్ = 60. (భాగించేది సున్నాతో మాత్రం కాకూడదు.)

ఎక్స్ దగ్గర 60 పెట్టి పాపనే సరిచూసుకోమనండి: 180 + 20 = 200.