అల్లుడూ, అడవికి వెళ్ళే ముందు స్టెప్నీ సంగతి చూడు

ఒరేయ్ అల్లుడూ,

బండి ఫోటోలు చూశాను, చాలా బాగుంది, రంగు మీ అత్తకి కూడా నచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో మహీంద్రా థార్ జీపు ఆ కండిషన్‌లో దొరకడం అదృష్టమే. కానీ వెనక డోరు ఫోటో పెద్దది చేసి చూశాక నాకు మనసు ఊరుకోలేదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు. కింద నాలుగు టైర్ల మీద 255/65 ఆర్18 అని ఉంది. వెనక తగిలించిన స్టెప్నీ మీద 245/75 ఆర్16 అని ఉంది. రెండూ థార్‌కి కంపెనీ వేసే సైజులే, వేరే వేరే వేరియంట్లకి, కాబట్టి అమ్మినాయన "ఇది కూడా థార్‌దే సార్" అని ఉంటాడు, నువ్వు సరే అనుకుని ఉంటావు.

లెక్క వేసి చూపిస్తా చూడు. 255 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. అందులో 65 శాతం టైరు పక్క గోడ ఎత్తు, అంటే దాదాపు 166 మిల్లీమీటర్లు, అది పైనా కిందా రెండుసార్లు, దానికి 18 అంగుళాల రిమ్ము అంటే 457 కలిపితే టైరు మొత్తం ఎత్తు 789. రెండోదానికి అలాగే వేస్తే 774 వస్తుంది. 15 మిల్లీమీటర్లే కదా మావయ్యా అంటావేమో, ఆ చిన్న టైరు కిలోమీటరుకి ఇంచుమించు ఎనిమిది చుట్లు ఎక్కువ తిరుగుతుంది. అది వెనక ఒక పక్కే వేశావనుకో, తిన్నగా పోతున్నా సరే లోపల డిఫరెన్షియల్, అంటే మలుపుల్లో రెండు పక్కల చక్రాలనీ వేరే వేరే స్పీడులో తిరగనిచ్చే గేర్ల పెట్టె, బండి మలుపు తిరుగుతున్నట్టే పని చేస్తూ ఉంటుంది, ఆగకుండా, వేడెక్కుతూ. ఊళ్ళో పంచర్ షాపు దాకా మెల్లగా వెళ్ళడానికైతే పర్లేదు. కానీ నువ్వు వెళ్ళేది మారేడుమిల్లి అడవికి, అక్కడ బురదలో 4హెచ్, అంటే నాలుగు చక్రాలకీ ఇంజిను బలం వెళ్ళే గేరు, వేస్తావు, అది వేస్తే ముందు ఇరుసూ వెనక ఇరుసూ కలిసిపోయి ఒకే స్పీడులో తిరగాలి, థార్‌లో మధ్యలో సర్దుబాటు చేసే డిఫరెన్షియల్ లేదు. బురదలో టైరు జారి సర్దుకుంటుంది గానీ, గట్టి రోడ్డెక్కాక 4హెచ్ తియ్యడం మర్చిపోతే ఆ తేడా అంతా గేర్ల మీద బిగుసుకుంటుంది, లివర్ కూడా వెనక్కి రాదు.

ఈ స్టెప్నీ అనే మాట ఎక్కడిదో తెలుసా, వేల్స్‌లో లానెల్లీ అనే ఊళ్ళో స్టెప్నీ వీధిది. 1904లో అక్కడ డేవీస్ అన్నదమ్ములు తయారుచేశారు, పంచరైన చక్రానికే పక్కన బిగించేసే, గాలి నింపిన టైరున్న రిమ్ము అది, ఎలాగోలా ఇంటికి చేరడానికి. ఇప్పుడు కార్లకి ఇచ్చే సన్నటి స్పేర్ టైరు కూడా అలా ఇంటికి చేరడానికే, గంటకి 80 కిలోమీటర్లు దాటొద్దని దాని మీదే రాసి ఉంటుంది. 2020లో కేంద్రం రూలు మార్చి, టైరు గాలి చెప్పే సెన్సర్లూ పంచర్ కిట్టూ ఉంటే చిన్న బళ్ళకి అసలు స్టెప్నీ లేకపోయినా పర్లేదంది. టౌన్‌లో తిరిగేవాళ్ళకి సరిపోతుంది. అడవిలో మేకు దిగితే కిట్టుతో ఆ చిల్లులో రబ్బరు వత్తి పెట్టుకోవచ్చు, కానీ టైరు పక్క గోడ చీలిందంటే ఏ కిట్టూ పనికిరాదు, అక్కడ కావలసింది మిగతా నాలుగింటితో సమానమైన ఐదో టైరే.

నేనెందుకు ఇంత చెబుతున్నానంటే, 2009లో మేం భద్రాచలం నుంచి తిరిగి వస్తున్నాం, మీ అమ్మా అమ్మమ్మా బండిలోనే ఉన్నారు, చింతూరు దాటి ఘాట్ ఎక్కాక ఎదురుగా లారీ వస్తే సైడ్ ఇద్దామని ఎడమ పక్క మట్టిలోకి దింపాను, అక్కడ గడ్డిలో ఏటవాలుగా నరికిన వెదురు మోడు ఉంది, కత్తిలా. పక్క గోడ నాలుగు వేళ్ళ మేర చీలిపోయింది. ఆ బండికి స్టెప్నీ కింద గొలుసుకి వేలాడేది. రాడ్డు పెట్టి తిప్పితే తిరగదు, ఏళ్ళ తరబడి బురదా నీళ్ళూ తగిలి ఆ గొలుసు చుట్టుకునే మర తుప్పు పట్టి ఒకటే ముద్దయిపోయింది. చీకటి పడిపోతోంది, ఫోన్‌లో సిగ్నల్ లేదు. చివరికి ఒక లారీ క్లీనర్ కుర్రాడు వెల్లకిలా పడుకుని దూరి హెక్సా బ్లేడుతో గొలుసు కోశాడు, గంట పైనే పట్టింది. టైరు కింద పడింది కదా అని ఊపిరి పీల్చుకుని బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. గాలి లేదు. ఆ లారీ డ్రైవరే పుణ్యాత్ముడు, బ్రేకుల ఎయిర్ ట్యాంకు నుంచి పైపు వేసి గాలి కొట్టాడు. అమ్మమ్మ ఆ రాత్రి ఘాట్ దిగేదాకా రామనామం ఆపలేదు. ఆ రెండు తప్పులూ నావే, రెండూ ఇంటి దగ్గర అయిదు నిమిషాల్లో తేలిపోయేవి.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెబుతా. కింద టైర్లు ఎంత అరిగాయో ముందు చూడు. బటన్లు, అంటే టైరు మీద రోడ్డుకి ఆనే గుబ్బలు, ఇంకా నిండుగా ఉంటే అదే కంపెనీ, అదే ప్యాటర్న్, అదే సైజు ఒకటి కొను, రిమ్ము కూడా 18ది. సగం అరిగి ఉంటే మాత్రం కొత్తది ఒక్కటే కొనకు, రెండు కొనేసి ఒకే ఇరుసుకి రెండు పక్కలా వేయించు, తీసేసిన రెంటిలో మంచిది స్టెప్నీకి పెట్టు, అప్పుడు ఒక ఇరుసు మీద రెండు టైర్లూ జత. డబ్బు ఎక్కువవుతుంది, నాకు తెలుసు, కానీ గేర్‌బాక్సు పని ముందు అది ఏ మూలకీ కాదు. ఐదూ ఒకేలా ఉన్నవైతే, తర్వాత ఎనిమిది పదివేల కిలోమీటర్లకోసారి ఐదు టైర్లనీ తిప్పి వేయించు, స్టెప్నీని కూడా కిందకి దింపి పని చేయించు, లేకపోతే నాలుగు అరిగేటప్పటికి అది కొత్తగానే ఉండి వయసు మాత్రం అయిపోతుంది.

వయసంటే గుర్తొచ్చింది, టైరు గోడ మీద డాట్ (DOT) అని ఉన్న చోట చివర నాలుగు అంకెలు చూడు. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. షాపువాడు బటన్లు చూపించి కొత్తదే అంటాడు, నువ్వు ఆ అంకెలే చూడు. అయిదేళ్ళు దాటితే ఏడాదికోసారి బాగా పరీక్ష చెయ్యాలి, పదేళ్ళయితే ఒక్క కిలోమీటరు తిరక్కపోయినా తీసెయ్యాలి. గోడని వేళ్ళతో వంచి చూస్తే సన్నటి పగుళ్ళు తెలుస్తాయి, బటన్ల మధ్య సందుల్లో కూడా చూడు.

వెనక డోరు మీద పెట్టడం మంచి చోటే, బురదకి దూరంగా ఉంటుంది, తేలిగ్గా తియ్యొచ్చు. కానీ మన ఎండలకి రబ్బరు త్వరగా చెడుతుంది కాబట్టి కవరు వెయ్యి, కింద నీళ్ళు పోవడానికి చిల్లు ఉన్నదే తీసుకో, వానలో తిరిగొచ్చాక విప్పి ఆరబెట్టు. కవరుతో వచ్చే ఇబ్బంది ఒకటే, లోపల వాల్వు కనపడదు, కనపడనిదానికి ఎవడూ గాలి చూడడు. నెలకోసారి నాలుగింటికీ చూసినప్పుడే దీనికీ చూడు, నాలుగైదు పీఎస్ఐ ఎక్కువే పెట్టి ఉంచు, ఎక్కువైతే అక్కడ వదిలెయ్యొచ్చు గానీ తక్కువైతే ఎక్కడి నుంచి తెస్తావు. ఫ్రెండ్స్ చెప్పారని పెద్ద టైర్లు వేయించేటట్టయితే ముందు డోరు కీళ్ళ సంగతి అడుగు, బరువు పెరిగితే డోరు కుంగి లాక్ సరిగ్గా పడదు. మట్టి రోడ్డు తిరిగొచ్చాక స్టెప్నీని పట్టుకుని ఊపి చూడు, లొడలొడమంటే నట్లు బిగించు. టాపు మీద మాత్రం వద్దు, బండి పక్క వాలులో ఉన్నప్పుడు ఆ పై బరువు ఒరగ్గొడుతుంది. లోపల సీటు వెనక పడేసి కట్టకుండా తిరగడం ఇంకా ప్రమాదం, గట్టిగా బ్రేకు వేస్తే అది మీ మీదకే వస్తుంది.

దొంగతనానికి లాక్ నట్టు వేయిస్తావు కదా, దాని తాళం ఇంట్లో డ్రాయర్లో కాదు, బండిలోనే ఉండాలి. జాకీ కింద పెట్టడానికి ఒక అడుగు చదరం మందపాటి చెక్క ముక్క కూడా వేసుకో, మెత్తటి నేలలో జాకీ బండిని లేపదు, అదే కూరుకుపోతుంది. వీల్ పానాకి తొడగడానికి రెండడుగుల ఇనప పైపు కూడా, షాపుల్లో గాలి గన్నుతో బిగించిన నట్లు ఒట్టి చేత్తో ఊడవు. వెళ్ళే ముందు ఆదివారం ఇంటి ముందు ఒకసారి నువ్వే టైరు విప్పి వేసి చూడు, బండి ఎత్తకముందే నట్లు కాస్త వదులు చెయ్యి, బిగించేటప్పుడు ఎదురెదురువి బిగించు, యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చూడు.

ఆ 16 అంగుళాల టైరు పారేయకు, రిమ్ముతో సహా అమ్మితే ఎవరో ఒకరు తీసుకుంటారు, అడుగుతాను. నువ్వు రేపు పొద్దున్న ఐదు టైర్ల మీదా ఉన్న ఆ నాలుగేసి అంకెలూ, బటన్లూ ఫోటో తీసి పంపు, చూసి రెండు కొనాలో ఒకటి చాలో చెబుతా.

మీ మావయ్య