యూనియన్ అంటే మా బ్యాచ్‌కి భయం

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. ఐటీఐ ఫిట్టర్ చేసి జీడిమెట్లలో ఓ కంపెనీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాను. ఆర్డర్లు లేవంటూ రెండు నెలలుగా సగం జీతమే ఇస్తున్నారు. పర్మినెంటు వాళ్ల యూనియన్ మమ్మల్ని పట్టించుకోదు. చందా కట్టి, పేరు బయటపడి, ఉన్న పని పోగొట్టుకోవడం ఎందుకని మా బ్యాచ్ అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: నాయనా, మీవాళ్ల భయం ఉత్తి భయం కాదు. విజయనగరం జిల్లాలో ఓ జూట్ మిల్లులో బదిలీ కార్మికుడిగా చేరేనాటికి నాకు 22 ఏళ్లు. తెల్లారకముందే గేటు దగ్గర నిలబడేవాణ్ణి. పర్మినెంటు వాడెవడైనా రాకపోతేనే నాకు ఆ పూట పని. యూనియన్ అంటే వాళ్లదే అనుకునేవాణ్ణి.

ఓ ఏడాది యాజమాన్యం లాకౌటు పెట్టి మిల్లు మూసేసింది. యూనియన్ ఆఫీసులో బియ్యం పంచుతుంటే వెళ్లాను. నోటుబుక్కులో బదిలీ వాళ్ల పేర్లే లేవు. వెనక్కి తిరిగాను. స్పిన్నింగులో పనిచేసే ఒకావిడ కొలిచే డబ్బా మీద చెయ్యి అడ్డం పెట్టి, 'ఈళ్ల కొంపల్లో పొయ్యి ఎలగదేటి?' అని అడిగింది. ఆ రాత్రే మా పేర్లు ఎక్కాయి. మిల్లు తెరిచాక మొదటి కూలీలోంచి చందా కట్టాను. ఆ రసీదు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

అందుకే, పర్మినెంటు వాళ్ల మీద మీ కోపం న్యాయమైనదే. అది వాళ్ల మొహం మీదే చెప్పండి, మమ్మల్ని చేర్చుకోండని అడగండి. కాదంటే, కొత్త యూనియన్ రిజిస్ట్రేషన్‌కి ఏడుగురు కలిసి దరఖాస్తు పెట్టొచ్చు. కంపెనీలో పనిచేసేవాళ్లలో పదో వంతు మందో, వందమందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు కావాలి.

ముందు జీతం సంగతి చూడండి. పే స్లిప్పులు, బ్యాంకు ఎంట్రీలు, హాజరు ఫోటోలు దాచుకోండి. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి ఈ రెండు నెలలదీ పడిందో లేదో చూడండి. కాంట్రాక్టరు ఎగ్గొడితే జీతం కట్టాల్సింది అసలు కంపెనీయే. 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టంలో ఉన్న ఈ మాట, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ (కార్మిక చట్టాల్లోనూ) ఉంది. కార్మిక శాఖకి అర్జీ ఇవ్వండి. మేమైతే సంతకాలు గుండ్రంగా పెట్టేవాళ్లం, ముందు ఎవరు పెట్టారో తెలియకుండా.

ఒక్క మాట. మీ లైన్లో ఒడిశా, బీహార్ కుర్రాళ్లు ఉండే ఉంటారు. అర్జీ హిందీలో చదివి వినిపించి, వాళ్ల సంతకాలు కూడా తీసుకో.