రెప్పల దురదకు ట్యూబు కొనే ముందు

పాపా,

నువ్వు పంపిన ఫొటో చూసినాను. పై రెప్పలు రెండూ ఎర్రగా వాచి, మడతలో తెల్లటి పొట్టు లేచింది. కనుగుడ్డు తెల్లగానే ఉంది, అదొక్కటే నాకు నిమ్మళం. పొట్టు వెంట్రుకల కుదుళ్లలో చుండ్రులాగా అంటుకోనుంటే అది వేరే కత. నీది ఎగ్జిమానే అనిపిస్తా ఉంది, అంటే తోలు ఎర్రబడి దురదపెట్టి పొట్టు లేసే జబ్బు. ఫంగస్‌తో వచ్చే తామర అనుకోని ఆ మందు పూసేవు, జాగ్రత్త!

రెప్ప తోలు అర మిల్లీమీటరే, ఒంట్లో అంత పల్చటిది ఇంకోటి లేదు. చేతికీ నెత్తికీ ఏమీ చెయ్యని సరుకు కూడా దానికి పడదు. కాటుక మానేసినా తగ్గలేదంటివి. తలకేసే నల్లరంగు, సెంటు, ఆఖరికి కంట్లో వేసుకునే చుక్కలమందు కూడా కారణం కావచ్చు. నాకైతే నీ పూల మీదే అనుమానం. తెల్లారకముందే కూర్చోని చామంతి మాలలు కడతావు, మధ్యలో ఆ చేత్తోనే కన్ను నలుపుకుంటావు. చామంతీ, రోడ్డు పక్కన మొలిచే వయ్యారిభామా ఒకే కుటుంబం మొక్కలు, రెండూ పడనోళ్లు చానామంది. రెండు మూడు వారాలు మల్లెలు, కనకాంబరాలే కట్టి చూడు.

అందాకా రెప్పలకు సబ్బు తగలనీయొద్దు. ఉత్త నీళ్లతో కడిగి, వాసన లేని వ్యాజిలీన్ బియ్యపుగింజంత రాయి. దురదెక్కువైతే చన్నీళ్ల గుడ్డ. పసుపు, వేపాకు మీ అత్త చెప్పినా వద్దు.

నేను చేసిన తప్పు చెప్తా. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చినారు. రెండ్రోజుల్లో తగ్గింది, మానితే మళ్లీ వచ్చింది. అట్లా ఎనిమిది నెలలు పూసినా. కంటి ప్రెజర్ పెరిగిందని డాక్టరు చెప్పినాకే తెలిసింది, దాంట్లో ఉన్నది గట్టి స్టెరాయిడ్ అని. చర్మం డాక్టరైతే హైడ్రోకార్టిసోన్ అనే తేలికపాటి స్టెరాయిడ్ కొద్దిరోజులకే రాస్తారు, లేదంటే స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ పూతమందు. ఈ రెండోది మొదట్లో మండుతుంది, దానికే భయపడి పారెయ్యొద్దు.

తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మం ఓపీకి పో. కాటుక డబ్బీ, ట్యూబులు, సెంటు అన్నీ సంచిలో వేసుకోని పో, పేర్లు నోటికి రావు. ఏ సరుకు పడదో తేల్చే ప్యాచ్ టెస్టు రాస్తే వీపుకు అంటించిన పట్టీలు 48 గంటలు తడపకూడదు, తీసినాక ఇంకోసారి చూపించుకోవాల. తలంటు ఆ వారం పెట్టుకోకు.

చూపు మసకైనా, కన్ను ఎర్రబడి నొప్పెట్టినా, నీటిబొబ్బలు లేచినా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి పోవాల.

ఇంకోటి, ఫొటోలో నీ గోళ్లరంగు కనపడింది. వేళ్లకేం కాదు గానీ రెప్పకు అదీ పడకపోవచ్చు. ముందు దాన్ని తీసెయ్.

మీ పెద్దమ్మ