మీ ప్రశ్నలు – మా జవాబులు: శిలగా మార్చే రాక్షసులతో పోరాటం

పాచికలు వేస్తూ ఊహాలోకపు పాత్రలను నడిపించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, ఆ పాత్రలను శిలగా మార్చే రాక్షసుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాము. ఇక్కడ ఇచ్చిన అంకెలు 2014లో వెలువడిన ఐదవ ఎడిషన్ నియమాల ప్రకారం ఉన్నవి. వేరే ఎడిషన్ ఆడేవారు తమ నియమ పుస్తకంతో పోల్చుకుని చదవగలరు.

ప్రశ్న: మేము నలుగురం, అందరమూ ఐదవ లెవెల్‌లో (పాత్ర శక్తి స్థాయి) ఉన్నాము. చూపుతోనే శిలగా మార్చే మెడూసా అనే రాక్షసి గుహలోకి వెళ్ళిన రెండు రౌండ్లలోనే (అందరూ ఒక్కో వంతు ఆడితే ఒక రౌండ్) ఇద్దరు శిలలైపోయారు. మిగిలిన ఇద్దరం కళ్ళు తిప్పుకుని పోరాడితే దెబ్బలు తగలలేదు, ఆమె దెబ్బలు మాత్రం మాకు తగులుతూనే ఉన్నాయి. చూస్తే శిల, చూడకపోతే ఓటమి అన్నట్లున్న ఈ పోరాటంలో గెలిచే దారి ఏదైనా ఉన్నదా?

జవాబు: ఉన్నది. అయితే ముందుగా ఆ చూపు ఎప్పుడు పని చేస్తుందో నియమాన్ని అక్షరం అక్షరం చదవాలి. మెడూసా కళ్ళను చూడగలిగే పాత్ర ఆమెకు 30 అడుగుల లోపల తన టర్న్ (వంతు) మొదలుపెట్టినప్పుడు మాత్రమే, ఆమె కూడా ఆ పాత్రను చూడగలిగితేనే, కాన్‌స్టిట్యూషన్ (దేహదార్ఢ్యం) సేవింగ్ త్రో, అనగా ప్రమాదం తప్పించుకునే పాచిక, వేయించగలదు. అంటే ప్రమాదమంతా టర్న్ మొదలయ్యే క్షణంలోనే ఉన్నది. 50 అడుగుల దూరంలో టర్న్ మొదలుపెట్టిన విజర్డ్ (మాంత్రికుడు) 20 అడుగులు ముందుకు వచ్చి, ఆమెను నేరుగా చూస్తూ ఒక స్పెల్ (మంత్రం) వేసి, మిగిలిన 10 అడుగుల నడకతో వెనక్కి జరిగితే ఆ టర్న్‌లో సేవింగ్ త్రో వేయవలసిన అవసరమే రాదు. ఆ తరువాత ఆమె అతని వైపు నడిచి వస్తే తరువాతి టర్న్ మొదట్లో కళ్ళు తిప్పుకుని మళ్ళీ దూరం జరగవచ్చు. మీ నలుగురూ ఒకేసారి 30 అడుగుల లోపలికి వెళ్ళి అక్కడే నిలబడిపోయి ఉంటారని మీ ప్రశ్నను బట్టి అనుకుంటున్నాను. ఆ నిలబడిపోవడమే ఈ పోరాటంలో అన్నిటికన్నా ఖరీదైన పని.

ఎంత ఖరీదో లెక్క చూడండి. కాన్‌స్టిట్యూషన్ సేవింగ్ త్రోకు +2 ఉన్న, అనగా పాచికపై పడిన అంకెకు 2 కలుపుకునే పాత్ర మెడూసా విధించే 14ను అందుకోవాలంటే ఇరవై ముఖాల పాచికపై 12 గానీ అంతకు మించి గానీ పడాలి; ఆ అవకాశం 45 శాతమే. 7 లేదా అంతకు తక్కువ పడితే, అనగా 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ తేడాతో తప్పితే, రెండవ అవకాశం లేకుండా అక్కడికక్కడే శిల అయిపోతుంది. ఇది 35 శాతం. మధ్యలో ఉన్న 20 శాతంలో మాత్రమే పాత్ర కదలలేని స్థితిలోకి వెళ్ళి మరొకసారి పాచిక వేసే వీలు పొందుతుంది. అన్నీ కలిపితే ఒక్క చూపుకు సుమారు 46 శాతం ప్రమాదం. రెండు రౌండ్లలో మీ బృందంలో సగం మంది శిలలు కావడం దురదృష్టం కాదు, ఆ లెక్క ప్రకారం జరగవలసినదే జరిగింది.

ఇక కళ్ళు తిప్పుకోవడం గురించి. ఆశ్చర్యానికి గురికాని పాత్ర తన టర్న్ మొదట్లో కళ్ళు తిప్పుకుంటే సేవింగ్ త్రో తప్పుతుంది గానీ, తరువాతి టర్న్ వరకు మెడూసాను చూడలేదు. కాబట్టి ఆమెపై వేసే దాడులకు డిజడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవడం), ఆమె దాడులకు అడ్వాంటేజ్ (రెండిటిలో ఎక్కువది తీసుకోవడం) వస్తాయి. +7తో దాడి చేసే ఫైటర్‌కు (యోధుడికి) ఆమె ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడానికి అందుకోవలసిన అంకె) 15పై మామూలుగా 65 శాతం దెబ్బలు తగలాలి; డిజడ్వాంటేజ్‌తో అది 42 శాతానికి పడిపోతుంది. దీనికి విరుగుడు పట్టుపట్టడంలో ఉన్నది. ఎదుటివారిని పట్టుకోవడం, నేలపై పడదోయడం దాడి పాచికలు కావు, అథ్లెటిక్స్ (దేహబలపు) పోటీలు. కనుక కళ్ళు తిప్పుకున్నంత మాత్రాన వాటికి డిజడ్వాంటేజ్ రాదు. మెడూసా బలం 10 మాత్రమే, చురుకుదనం 15. ఐదవ లెవెల్ ఫైటర్‌కు ఒక టర్న్‌లో రెండు దాడులు ఉంటాయి గనుక ఒక దాని బదులు ఆమెను పడదోసి, రెండవ దాని బదులు పట్టుకుంటే, ఆమె వేగం సున్నా అవుతుంది, లేచి నిలబడలేదు. అప్పుడు పక్కన నిలబడి కొట్టేవారికి పడిపోయిన శత్రువుపై వచ్చే అడ్వాంటేజ్, చూడలేకపోవడం వల్ల వచ్చే డిజడ్వాంటేజ్ రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఆమె దాడుల విషయంలోనూ అదే జరుగుతుంది. కళ్ళు తిప్పుకుని ఉంటూనే మామూలు పోరాటం చేయవచ్చు! ఈ ఆటలో నాకు అత్యంత ఇష్టమైన ఎత్తులలో ఇది ఒకటి, ఎందుకంటే దీనికి మంత్రమూ మాయా వస్తువూ ఏదీ అక్కరలేదు.

ఒక్క జాగ్రత్త: మీ బృందం బలం విల్లులలో ఉంటే పడదోయవద్దు, పట్టుకుని మాత్రమే ఉంచండి. ఐదు అడుగులకు మించిన దూరం నుండి వేసే బాణాలకు, శత్రువు నేలపై ఉంటే డిజడ్వాంటేజ్ వస్తుంది. నిలబడే ఉన్నా వేగం సున్నా అయిన మెడూసా విలుకాండ్ర దగ్గరకు రాలేదు; వారు 30 అడుగుల ఆవల నిలబడి ఆమెను నేరుగా చూస్తూ బాణాలు వేయవచ్చు. అయితే ఆమె దగ్గర కూడా 150 అడుగుల దూరం వేసే విల్లు ఉన్నదనీ, ఆ బాణాలకు విషం ఉన్నదనీ మరువకుండా స్తంభాల చాటు చూసుకోవాలి.

స్పెల్స్ ఎంచుకునేటప్పుడు వివరణలో "మీకు కనిపించే ప్రాణి" అన్న మాట ఉన్నదా లేదా అని చూడండి. మ్యాజిక్ మిసైల్‌కు ఆ షరతు ఉన్నది, కళ్ళు తిప్పుకున్నవారు దానిని ఆమెపై వేయలేరు. ఫైర్‌బాల్‌కు లేదు. తనను దాటి వెళ్ళే శత్రువుపై వేసే అవకాశపు దాడికి కూడా ఆ శత్రువు కనిపించాలి. కనుక అందరూ కళ్ళు తిప్పుకుంటే మెడూసా మీ మధ్య నుండి నిర్భయంగా నడిచిపోతుంది. మొదటి లెవెల్ స్పెల్ ఫాగ్ క్లౌడ్‌ను చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, ఆ పొగమంచులో ఆమెకు మీరు, మీకు ఆమె కనిపించరు. చూపు పని చేయదు, ఇరువైపుల దాడులూ మామూలు పాచికలతో సాగుతాయి. అలాగే ఆమెను అశక్తురాలిని చేసే ఏ స్పెల్ అయినా చూపును ఆపివేస్తుంది, ఎందుకంటే స్పృహ తప్పినా, నిశ్చేష్టురాలైనా ఆమె ఎవరినీ సేవింగ్ త్రో వేయించలేదు. ఆమె విజ్‌డమ్ (వివేకం) సేవింగ్ త్రోకు +1 మాత్రమే గనుక, చూసినవారిని అశక్తులను చేసే హిప్నాటిక్ పాటర్న్ మంచి ఎంపిక. పైగా అది 120 అడుగుల దూరం నుండి పడుతుంది.

ప్రశ్న: అద్దం చూపిస్తే మెడూసా తానే శిల అవుతుందని నమ్మి వెళ్ళాము. మా డంజన్ మాస్టర్ (ఆటను నడిపించేవారు) పాచిక వేసి, ఆమెకు ఏమీ కాలేదన్నారు. ఇది న్యాయమేనా?

జవాబు: న్యాయమే. నియమం చెప్పేది, ఆమె తన ప్రతిబింబాన్ని 30 అడుగుల లోపల, ప్రకాశవంతమైన వెలుగులో, మెరుగుపెట్టిన తలంపై చూస్తే తన చూపుకు తానే గురవుతుందని మాత్రమే. గురికావడమంటే ఆమె కూడా సేవింగ్ త్రో వేయడమే. ఆమెకు +3 ఉన్నది, 14ను అందుకునే అవకాశం సరిగ్గా సగం. తక్షణమే శిల అయ్యే అవకాశం 30 శాతం. అందువల్ల అద్దాన్ని బృందంలో ఒకరి పనిగా పెట్టుకోండి గానీ, వ్యూహమంతా దానిపైనే కట్టవద్దు. వెలుగు సంగతి మరీ ముఖ్యం: చీకటి గుహలో అద్దానికి విలువ లేదు, కనుక దానిని పట్టుకున్నవారి దగ్గరే లైట్ స్పెల్ వేసిన వస్తువు కూడా ఉండాలి. మెడూసా తెలివైన శత్రువు. ఒకసారి అద్దం చూసిన తరువాత దానిని పగలగొట్టడానికో, బాణాలు వేస్తూ దూరం జరగడానికో ప్రయత్నిస్తుంది. మొదటిసారి చూపించేటప్పుడే ఆమె దారి మూసి ఉంచండి.

ప్రశ్న: శిలగా మార్చే ఇతర రాక్షసులైన బాసిలిస్క్, కాకట్రిస్, గోర్గాన్‌లకు కూడా ఇవే ఎత్తులు సరిపోతాయా?

జవాబు: బాసిలిస్క్‌కు చాలావరకు సరిపోతాయి. దాని చూపుకు వేసే సేవింగ్ త్రోలో అందుకోవలసినది 12 మాత్రమే, తక్షణమే శిల చేసే షరతు లేదు. +2 ఉన్న పాత్ర రెండుసార్లు వరుసగా తప్పితేనే శిల అవుతుంది, అది సుమారు 20 శాతం. వేగం 20 అడుగులు, దూరం నుండి చేసే దాడి ఏదీ లేదు. విల్లులున్న బృందం విశాలమైన చోట వెనక్కి నడుస్తూ దీనిని చంపవచ్చు. కానీ అది తన దాడి మానుకుని పరుగెత్తితే 40 అడుగులు రాగలదు, చూపుకు అది విడిగా ఏ పనీ చేయనక్కరలేదు. అందుచేత 30 అడుగుల గీత పక్కనే నిలబడక, ప్రతి టర్న్ చివర 75 అడుగులైనా దూరంలో ఉండేటట్లు చూసుకోండి. దీని ఇంటెలిజెన్స్ (తెలివి) 2. అందుకే మెడూసాపై పని చేసే టాషాస్ హిడియస్ లాఫ్టర్ దీనిపై పని చేయదు, ఆ స్పెల్‌కు 4 కంటే ఎక్కువ తెలివి ఉన్న ప్రాణి కావాలి. అద్దంలో తనను చూసుకుంటే మరొక బాసిలిస్క్ అనుకుని దానిపైనే చూపు ప్రయోగిస్తుంది.

కాకట్రిస్ చూపుతో కాదు, ముక్కుపోటుతో శిల చేస్తుంది, అదీ 24 గంటలపాటే. 27 హిట్ పాయింట్లు (ప్రాణబలం) ఉన్న దానిని దగ్గరకు రాకముందే బాణాలతో పడగొట్టండి.

గోర్గాన్ విషయంలో మాత్రం కళ్ళు మూసుకోవడం వల్ల నష్టమే గానీ లాభం లేదు. ఈ ఆటలో గోర్గాన్ అంటే ఇనుప పొలుసుల ఎద్దు. అది 30 అడుగుల శంకువు ఆకారంలో ఊపిరి వదులుతుంది, ఆ శంకువులో ఉన్న ప్రతి ప్రాణీ సేవింగ్ త్రోలో 13ను అందుకోవాలి. ఒకసారి వదిలిన తరువాత దాని ప్రతి టర్న్‌లోనూ ఆరు ముఖాల పాచికపై 5 లేదా 6 పడితేనే ఆ ఊపిరి తిరిగి వస్తుంది. ఒకే వైపు గుంపుగా ఉండక దాని చుట్టూ నాలుగు వైపులా విడిపోతే ఒక ఊపిరికి ఒకరో ఇద్దరో మాత్రమే చిక్కుతారు. ఆర్మర్ క్లాస్ 19 గనుక కత్తులకన్నా, సేవింగ్ త్రో వేయించే స్పెల్స్‌ను నమ్ముకోవడం మేలు.

ప్రశ్న: తోటి పాత్ర శిలగా మారడం మొదలై కదలలేని స్థితిలో ఉన్నప్పుడు మేము చేయగలిగినది ఏమైనా ఉన్నదా, లేక రెండవ పాచిక కోసం చూస్తూ ఉండవలసిందేనా?

జవాబు: ఆ మధ్య కాలాన్ని చాలా బృందాలు వృథా చేస్తాయి, నిజానికి సాయం చేయడానికి అదే సరైన సమయం. రెండవ సేవింగ్ త్రో ఆ పాత్ర తరువాతి టర్న్ చివర వస్తుంది, ఈలోగా మీ అందరి టర్న్‌లూ ఉన్నాయి. క్లెరిక్ (దైవశక్తి గల పూజారి) అప్పటికప్పుడు బ్లెస్ స్పెల్ వేస్తే ఆ పాచికకు నాలుగు ముఖాల పాచిక కలుస్తుంది. ఆరవ లెవెల్ చేరిన పాలడిన్ (పవిత్ర యోధుడు) 10 అడుగుల లోపలికి వచ్చి నిలబడితే తన కరిష్మా (ఆకర్షణ) బోనస్ మొత్తం కలుస్తుంది. బార్డ్ (మాయా గాయకుడు) ఇచ్చిన ప్రేరణ పాచిక కూడా పనికివస్తుంది. కదలలేని పాత్ర నడవలేకపోయినా దాడి చేయవచ్చు, స్పెల్ వేయవచ్చు, మళ్ళీ చూపుకు గురికాకుండా కళ్ళు తిప్పుకోవచ్చు. ఆ ఆటగాడు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు.

ప్రశ్న: నేను డంజన్ మాస్టర్‌ను. ఒక్క పాచికతో ఒకరి పాత్ర ఆట నుండి తప్పుకోవడం నాకు బాధగా ఉంటుంది. మెడూసాను అసలు వాడవచ్చునా?

జవాబు: తప్పక వాడండి, కానీ తెలియకుండా మీద పడేయవద్దు. ఆశ్చర్యానికి గురైన పాత్రకు కళ్ళు తిప్పుకునే హక్కు కూడా లేదు, కనుక మెడూసా మెరుపుదాడితో పోరాటం మొదలుపెట్టడం ఆటగాళ్ళకు ఎంచుకునే అవకాశమే ఇవ్వకపోవడం. గుహకు చాలా ముందే శిలలు కనిపించనివ్వండి. వాటి ముఖాలు ఏ వైపు తిరిగి ఉన్నాయో, చేతులు కళ్ళకు అడ్డంగా ఉన్నాయో లేదో వర్ణిస్తే తెలివైన బృందం చూపును అనుమానిస్తుంది. పోరాట స్థలంలో దాక్కునేందుకు స్తంభాలు, వెనక్కి జరిగేందుకు చోటు ఉంచండి. శిల అయిన పాత్ర తాలూకు ఆటగాడి చేతికి బృందంతో ఉన్న మరొక పాత్రనో, మెడూసా సేవకులలో ఒకరినో ఇవ్వడం ముందే ఆలోచించుకోండి.

ప్రశ్న: శిల అయిన మిత్రుణ్ణి తిరిగి మనిషిని చేయడం ఎలా? మా క్లెరిక్ ఇంకా ఆరవ లెవెల్‌లోనే ఉన్నాడు.

జవాబు: ఇందుకు ముఖ్యమైన స్పెల్ గ్రేటర్ రెస్టొరేషన్. అది ఐదవ స్థాయి స్పెల్ కనుక క్లెరిక్ తొమ్మిదవ లెవెల్ చేరేవరకు వేయలేడు; ప్రతిసారీ 100 బంగారు నాణేల విలువైన వజ్రపు పొడి ఖర్చవుతుంది. మీరు ఆ స్పెల్ తెలిసిన గుడి పూజారిని వెతకాలి, లేదా బాసిలిస్క్‌ను చంపి ఉంటే దాని గొంతులోని ద్రవాల నుండి నూనె తీయగల రసవాదిని అడగాలి. మీరు 3.5 ఎడిషన్ ఆడుతుంటే స్టోన్ టు ఫ్లెష్ అనే స్పెల్ ఉన్నది గానీ, తిరిగి మాంసంగా మారేటప్పుడు సేవింగ్ త్రోలో 15ను అందుకోలేని పాత్ర చనిపోతుంది. అందుకు ముందు సేవింగ్ త్రోలకు బలమిచ్చే స్పెల్స్ అన్నీ సిద్ధం చేసుకోండి.

ఈలోగా శిలను ఎక్కడ ఉంచుతారన్నది ఆలోచించవలసిన విషయం. ఆ పాత్ర బరువు పది రెట్లు అవుతుంది, మోసుకుపోవడం దాదాపు అసాధ్యం. శిలకు వయసు పెరగదు, విషమూ రోగమూ ఉన్నచోటే ఆగిపోతాయి, ఏ దెబ్బకైనా సగం నష్టమే. కనుక ఏళ్ళు గడిచినా ప్రమాదం లేదు. విరిగిన భాగం మాత్రం తిరిగి మారిన తరువాత కూడా లేకుండానే ఉంటుంది. అతని మాయా వస్తువులు శిలగా మారవు గనుక వాటిని తీసి మీ దగ్గర ఉంచుకోండి, శిలను గోడవైపు చేర్చి గుహ ద్వారం మూసివేసి, ఆ తరువాతే పూజారి కోసం బయలుదేరండి.