అక్షరాలు జరిగిపోతున్నాయి, బల్ల ఊగుతోంది అంటే

"తిరిగే ఎల్‌ఈడీ డిస్‌ప్లే చేస్తున్నాను, కోడ్ అయిపోయింది, కానీ మోటారు వేస్తే అక్షరాలు పక్కకు జరిగిపోతున్నాయి, బల్లంతా ఊగుతోంది" అని అడిగారు. వరుసగా బిగించిన ఎల్‌ఈడీలు గిర్రున తిరుగుతూ వెలిగి ఆరుతుంటే గాల్లో అక్షరాలు కనబడే బొమ్మ అది. ఆ రెండు ఇబ్బందులూ నేను పడ్డ పాట్లే. కిందటేడు వినాయక చవితికి మా వీధి మండపంలో పెడదామని 16 ఎల్‌ఈడీలతో ఒకటి చేశాను. కోడ్‌కు పట్టింది రెండు సాయంత్రాలు. ఊగడం ఆపడానికి రెండు వారాలు.

ముందు ఊగడం సంగతి. పాత ప్రింటర్లోంచి తీసిన 12 వోల్టుల మోటారుకి చెక్క స్కేలు బిగించి, ఒక కొసన ఎల్‌ఈడీలు పెట్టాను. రెండో కొసన బరువు కావాలి కదా అని బ్యాటరీని జిగురుతో అంటించేశాను. లెక్క వేసుకోలేదు. నిమిషానికి 1200 చుట్లు తిరిగేటప్పుడు, ఇరుసుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వస్తువు తన బరువుకు సుమారు 160 రెట్ల బలంతో బయటికి లాగుతుంది. నా 25 గ్రాముల బ్యాటరీ అక్కడ 4 కిలోలన్నమాట. టప్పున ఊడి బియ్యం డబ్బాకి సొట్ట పెట్టింది. ఆ డబ్బా మార్చడానికి అమ్మ ఒప్పుకోదు, చుట్టాలకు చూపించాలట.

బ్యాటరీ సరిగ్గా ఇరుసు మీదే ఉండాలి, జిప్ టైతో బిగించాలి. తర్వాత స్కేలు మధ్య రంధ్రంలో సైకిల్ స్పోక్ దూర్చి అడ్డంగా పట్టుకోండి. ఏ వైపు కిందికి వాలితే దాని ఎదుటి వైపు ఒక్కో వాషరూ వేస్తూ పోండి, తక్కెడ సరిచూసినట్టే. ఇంకోటి, తిరుగుతున్నప్పుడు స్కేలుకు సూటిగా పక్కన నిలబడకండి.

ఇక జరిగిపోవడం. అక్షరాన్ని నిలువు గీతలుగా విడగొట్టి ఒక్కో గీతనూ వెలిగిస్తాం కదా, మీ కోడ్‌లో గీతకూ గీతకూ మధ్య ఆగే సమయం ఖాయంగా రాసి ఉంటారు. మోటారు వేగం మాత్రం నిలకడగా ఉండదు. కింద పీఠానికి ఒక అయస్కాంతం, స్కేలు మీద హాల్ సెన్సర్ (అయస్కాంతం దగ్గరికొస్తే పసిగట్టేది) పెట్టి, ప్రతి చుట్టుకీ పట్టిన సమయాన్ని కొలిచి దాన్నే గీతల సంఖ్యతో భాగించండి. 1200 చుట్లంటే చుట్టుకు 50 మిల్లీసెకన్లు. 180 గీతలు కావాలంటే ఒక్కోదానికి 278 మైక్రోసెకన్లే. కొరివి తిప్పితే కనబడే దాన్ని మన పెద్దలు అలాతచక్రం అన్నారు కదా, మనం ఆ కొరివిని చుట్టుకు 180 సార్లు ఆర్పి వెలిగిస్తున్నాం, అంతే.

నేను హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఏ3144 సెన్సర్ కొన్నాను. దానికి కనీసం 4.5 వోల్టులు కావాలి, 3.7 వోల్టుల బ్యాటరీని నేరుగా ఇచ్చి పూట పోగొట్టుకున్నాను. 5 వోల్టులకు పెంచే చిన్న బోర్డు వేశాక కూడా పనిచేయలేదు. చూస్తే అయస్కాంతం తిరగేసి అంటించాను, దానికి దక్షిణ ధ్రువమే కావాలి!

అక్షరాలు వాలినట్టు కనబడితే ఎల్‌ఈడీలను ఒక్కొక్కటిగా వెలిగించే డిజిటల్‌రైట్ ఆదేశం మానేసి, చాలా పిన్నులను ఒకేసారి మార్చే పోర్టులకు నేరుగా రాయండి. కోడ్ నడిపే ఆర్డుయినో ఊనో లాంటి బోర్డులో ఒక్కో డిజిటల్‌రైట్‌కి నాలుగైదు మైక్రోసెకన్లు పోతాయి. పదహారో ఎల్‌ఈడీ వెలిగేసరికి స్కేలు కాస్త ముందుకు పోయి ఉంటుంది.

తెలుగు రాయాలనుకుంటే గళ్ల కాగితం మీద ముందు గీసుకోండి. అక్షరం కింది భాగం ఇరుసు వైపు పడుతుంది, అక్కడ చుట్టుకొలత తక్కువ కాబట్టి ఒత్తులు ఇరుక్కుపోతాయి. నేను "శ్రీ" రాస్తే ర ఒత్తు ముద్దయిపోయింది. చివరికి "గణపతి" అని పెట్టాను, ఒక్క ఒత్తూ లేదు.