మా పాప బిషప్ అవుతానంటోంది, ఏం చదివించాలి?

వందనాలు అమ్మా. మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. పాప బీఏ ఫైనల్ ఇయర్, మీరు బీఈడీ చేయిద్దామనుకుంటుంటే తనేమో పాస్టర్ని అవుతా, ఎప్పటికైనా బిషప్‌నవుతా, అన్ని సంఘాలవాళ్ళనీ కలుపుకుని ఎవర్నీ చర్చి బయట నిలబెట్టకుండా పరిచర్య చేస్తా అంటోందని, ఆడపిల్లకి ఇది కుదిరే పనేనా అని రాశారు. మీది ఖమ్మం పక్కన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం అన్నారు కాబట్టి ఆ దారే చెప్తా.

కుదురుతుందమ్మా. సీఎస్ఐలో మొదటిసారి ఒక స్త్రీకి ప్రెస్బిటర్‌గా, అంటే పూర్తి స్థాయి పాస్టర్‌గా, ఆర్డినేషన్ (అభిషేకం) ఇచ్చింది 1976లో, ఆ తర్వాత 2013లో పుష్పలలిత గారు నంద్యాల డయోసీస్‌కి (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతానికి) బిషప్ అయ్యారు, సీఎస్ఐ మొత్తానికి మొదటి మహిళా బిషప్ మన తెలుగావిడే. మధ్యలో 37 ఏళ్ళు పట్టిందన్న సంగతి కూడా పాపకి తెలియనివ్వండి.

అయితే బిషప్ అనేది అప్లికేషన్ పెట్టుకునే పోస్టు కాదు. డయోసిసన్ కౌన్సిల్ (డయోసీస్ ప్రతినిధుల సభ) ఓట్లేసి కొందరి పేర్లతో ప్యానెల్ పంపిస్తుంది, అందులోంచి ఒకరిని సినడ్ (సీఎస్ఐ మొత్తానికి పై సభ) వాళ్ళు ఎంపిక చేస్తారు, ఆ ప్యానెల్ దాకా రావాలంటే ఏళ్ళ తరబడి పాస్టరేట్లలో (ఒక పాస్టర్ చూసుకునే సంఘాలలో) పనిచేసి ఉండాలి. ముందు మీ సంఘం, మీ పాస్టర్ గారు రికమెండ్ చేయాలి, డయోసీస్ ఇంటర్వ్యూ చేసి సెమినరీకి (పాస్టర్ల శిక్షణ కాలేజీకి) పంపాలి, డిగ్రీ మీద బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) అంటే మామూలుగా నాలుగేళ్ళు, గ్రీకు హీబ్రూ కూడా ఉంటాయి, తర్వాత డీకన్ (ప్రెస్బిటర్‌కి ముందు మెట్టు), ఆ తర్వాత ప్రెస్బిటర్.

హైదరాబాద్‌లోని ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ అయితే పాపకి బాగా సరిపోతుంది, అక్కడిచ్చేది సెరంపూర్ సెనేట్ (థియాలజీ డిగ్రీలిచ్చే సంస్థ) డిగ్రీ. అది 1964లో రాజమండ్రిలో వేర్వేరు సంఘాల సెమినరీలు కలిసి మొదలైన కాలేజీ. బాప్టిస్టులు, లూథరన్లు, మెథడిస్టులు, సీఎస్ఐ వాళ్ళు ఒకే క్లాసులో చదువుతారు, చంటిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వచ్చా ఇవ్వకూడదా అని గట్టిగా వాదించుకుని మళ్ళీ ఒకే చోట కూర్చుని అన్నం తింటారు. ఎక్యుమెనికల్ (సంఘాలన్నీ కలిసి నడవడం) అనే పెద్ద మాటకి అసలు ట్రైనింగ్ అక్కడే దొరుకుతుందని నా నమ్మకం.

ఇంకో మాట, సంఘాలని కలపడం నిదానంగా సాగే పని. మీ దోర్నకల్ డయోసీస్ మొదటి బిషప్ అజరయ్య గారు, 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్, 1919లో తరంగంబాడిలో సంఘాలన్నీ ఒకటవ్వాలని కూర్చున్నవాళ్ళలో ముఖ్యుడు. అలా సంఘాలు కలిసి సీఎస్ఐ పుట్టింది 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో, ఆయన 1945 జనవరి 1నే కన్నుమూశారు, చూడలేదు. ఒకసారి పాపని తీసుకుని దోర్నకల్ కెథడ్రల్‌కి వెళ్ళండి, ఆ గుమ్మటాలు మసీదుని గుర్తుచేస్తాయి, స్తంభాలు హిందువుల గుడి మండపంలా ఉంటాయి, ఈ ఊళ్ళవాళ్ళు ఎవరొచ్చినా ఇది పరాయి చోటు అనిపించకూడదనే అలా కట్టించారు.

అందరినీ కలుపుకోవడం అంటే ఏంటో నేను వరంగల్ వైపు ఒక పల్లెలో చూశాను. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని ఒక ముసలమ్మ ప్రతి ఆదివారం వేపచెట్టు కిందే కూర్చునేది, కొత్తగా వచ్చిన పాస్టరమ్మ మొదటి సంస్కారం (ప్రభు భోజనం) ఆదివారం రొట్టె, గిన్నె పట్టుకుని ముందు ఆ చెట్టు దగ్గరికే నడిచింది, లోపల ఉన్నవాళ్ళంతా అలా ఆగిపోయి చూశారు, రెండు నెలల్లో కమిటీవాళ్ళే మెట్ల పక్కన ర్యాంపు పోయించారు. అదే సంఘంలో పెళ్ళి సంబంధం అనేసరికి మాల, మాదిగ అని వేరుపడడం కూడా చూశాను, దానికి ర్యాంపు పోయడం అంత తేలిక కాదు, పాప ఎక్కువ కష్టపడాల్సింది అక్కడే.

కష్టాలు దాచను. జీతం తక్కువ, కొన్నేళ్ళకోసారి ట్రాన్స్‌ఫర్, ఎలక్షన్లప్పుడు గ్రూపులు, కేసులు, ఆడ పాస్టర్ చేత సంస్కారం తీసుకోం అనే మొండివాళ్ళు. ఇవన్నీ ఒక రోజంతా కూర్చుని ఒక మహిళా పాస్టర్ దగ్గర తనే అడిగి తెలుసుకోవాలి, నేను చెప్తే చాలదు.

బీఈడీ మానిపించక్కర్లేదు, చేసి వెళ్ళినా పాఠం చెప్పడం పరిచర్యలో బాగా పనికొస్తుంది, కాకపోతే అది తనని ఆపడానికి వాడొద్దమ్మా. ఈలోపు స్టూడెంట్ క్రిస్టియన్ మూవ్‌మెంట్ క్యాంపులకి పంపండి, వేరే సంఘాల పిల్లలతో కలుస్తుంది. తర్వాత్తర్వాత ఆసక్తి ఉంటే నాగ్‌పూర్‌లో ఎన్‌సీసీఐ (నేషనల్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ ఇన్ ఇండియా) ఉంది, జెనీవా దగ్గర బోస్సేలో ఎక్యుమెనికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఇప్పుడే వాటి గురించి కంగారు వద్దు. ఈ ఆదివారం మీ పాస్టర్ గారిని కలిసి పాపకి సండే స్కూల్ అప్పగించమని అడగండి, రేపు రికమెండేషన్ లెటర్ రాయాల్సింది ఆయనే కదా.